మిట్ట దగ్గర దిగే మర్యాద

(రహదారి భద్రతా మాసం సందర్భంగా ఢిల్లీలో బ్యాంకు సిబ్బంది కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



రహదారి భద్రత అనగానే హెల్మెట్, సీటు బెల్టు, సెల్‌ఫోను గుర్తొస్తాయి. వాటి గురించి చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. నేను మనం రోజూ ఎక్కే బండి గురించి మాట్లాడదామనుకుంటున్నాను. మెట్రో స్టేషన్ నుంచి ఇంటికి, ఇంటి నుంచి కూరగాయల మార్కెట్‌కి, కాలనీ గేటు నుంచి బడికి మనల్ని తీసుకెళ్లే ఈ-రిక్షా. అందులోనూ ఒక్క సందర్భం మాత్రమే తీసుకుంటాను. ఆ బండి ఎత్తు ఎక్కేటప్పుడు ఏం జరుగుతుంది, అప్పుడు బండి నడిపేవాడు ఏం చేయాలి, బండిలో కూర్చున్న మనం ఏం చేయాలి?

బ్యాంకు వాడికి ఈ విషయంతో ఏం పని అని మీరు అడగవచ్చు. రెండు పనులున్నాయి. ఒకటి, అందులో ఎక్కేది మన పిల్లలు, మన అమ్మానాన్నలు. రెండోది, ఆ బండి చాలాసార్లు మనలాంటి బ్యాంకులిచ్చిన అప్పుతోనే రోడ్డెక్కుతుంది. అంటే మనం ప్రయాణికులమే కాదు, ఒక రకంగా ఆ బండిలో వాటాదారులం కూడా.

ఢిల్లీలో ఎత్తులెక్కడున్నాయి, అంతా చదునే కదా అంటారా? ఊరి పేర్లు ఒక్కసారి గుర్తు చేసుకోండి. పహాడ్‌గంజ్‌లో పహాడ్ ఉంది. కరోల్‌బాగ్ దాటితే ఆనంద్ పర్బత్. జామా మసీదు కట్టింది భోజ్లా పహాడీ మీద. రాష్ట్రపతి భవన్ ఉన్నది రైసీనా గుట్ట మీద. గురుగ్రామ్ వైపు వెళ్తే గ్వాల్ పహాడీ. ఆరావళి పర్వతాల ఉత్తరపు కొస ఈ నగరంలోకే వచ్చి ఆగింది. దాన్నే ఇక్కడివాళ్లు రిడ్జ్ అంటారు. విశ్వవిద్యాలయ మెట్రో దగ్గర దిగి హిందూరావ్ ఆసుపత్రికి వెళ్లినవాళ్లకు ఆ మిట్ట సంగతి తెలుసు. ఇవి కాక మనుషులు కట్టుకున్న మిట్టలున్నాయి. రైల్వే పట్టాల మీద వంతెనలు, కాలువల మీద గూని వంతెనలు, అండర్‌పాస్‌లు, అపార్ట్‌మెంటు సెల్లారు ర్యాంపులు. అండర్‌పాస్ కూడా మిట్టే. దిగినంతా మళ్లీ ఎక్కాలి, అదీ వానాకాలంలో కింద నీళ్లు నిలిచినచోటు నుంచి. మింటో బ్రిడ్జి కింద నీళ్లు నిలవడం మనం టీవీలో ఎన్నోసార్లు చూశాం.

ఇప్పుడు కొంచెం వెనక్కి వెళ్దాం. ఇరవై ఏళ్ల క్రితం ఇక్కడికి బదిలీ మీద వచ్చినవాళ్లకు సైకిల్ రిక్షాలు గుర్తుండే ఉంటాయి. వంతెన మొదలుకాగానే రిక్షా అతను సీటు మీద నుంచి దిగేవాడు. ఒక చెయ్యి హ్యాండిల్ మీద, ఒక చెయ్యి సీటు మీద వేసి, నడుం వంచి లాగేవాడు. అది చూసి వెనక కూర్చున్నవాళ్లలో చాలామంది తామంతట తామే దిగి పక్కన నడిచేవారు. ఎవరూ చెప్పనక్కరలేదు. మన ఊళ్లలో ఎడ్లబండి విషయంలోనూ అంతే. చెరువుకట్ట ఎక్కేచోట బండిలోని మగవాళ్లు, పెద్దపిల్లలు దిగి నడిచేవారు, అవసరమైతే వెనక నుంచి ఒక చెయ్యి వేసేవారు. ఎడ్ల రొప్పు చెవికి వినబడేది, మనిషి చెమట కంటికి కనబడేది. అందుకే దిగాలని అనిపించేది.

ఆ మనిషి శ్రమ తగ్గించాలనే ఆలోచనతోనే బ్యాటరీ రిక్షాలు మొదలయ్యాయి. దుర్గాపూర్‌లోని కేంద్ర మెకానికల్ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ తయారు చేసిన సోలెక్‌షా అనే రిక్షాను 2008 అక్టోబరులో ఢిల్లీలోనే మొదటిసారి నడిపారు. పెడల్ తొక్కుతూ, కష్టమైనచోట మోటారు సాయం తీసుకునే బండి అది. ఆ తర్వాత 2010 కామన్వెల్త్ క్రీడల కాలం నుంచి పూర్తిగా బ్యాటరీ మీద నడిచే ఈ-రిక్షాలు ఇక్కడి వీధుల్లోకి వచ్చి, చూస్తుండగానే నిండిపోయాయి. చాలాకాలం వాటికి రిజిస్ట్రేషన్ లేదు, నడిపేవారికి లైసెన్సు లేదు, ఇన్సూరెన్సు లేదు. 2014 జులైలో త్రిలోక్‌పురిలో ఒక ఈ-రిక్షా తగలడంతో తల్లి చేతిలోని పసిబిడ్డ ప్రాణం పోయింది. అదే నెల 31న ఢిల్లీ హైకోర్టు వీటిని రోడ్ల మీద నడపడాన్ని నిలిపివేసింది. ఆ ఏడాది అక్టోబరులో కేంద్రం నిబంధనలు తెచ్చింది, 2015లో మోటారు వాహనాల చట్టాన్నే సవరించారు.

ఆ నిబంధనల్లో మనకు కావలసినవి నాలుగు ముక్కలు. డ్రైవరు కాకుండా 4 గురు ప్రయాణికులు. 40 కిలోల సామాను. గంటకు 25 కిలోమీటర్లకు మించని వేగం. 2,000 వాట్లకు మించని మోటారు. లైసెన్సుకు ముందు డ్రైవరుకు కనీసం 10 రోజుల శిక్షణ కూడా ఉండాలి. వీటిని చట్టం అనగానే మనం చలాన్ల సంగతి అనుకుంటాం. నిజానికి ఈ నాలుగు అంకెలూ ఒకదానికొకటి ముడిపడి ఉన్నాయి. ఆ ముడి మిట్ట దగ్గరే బయటపడుతుంది.

పిల్లలూ, కాసేపు లెక్క చేద్దాం. బ్యాటరీలతో కలిపి బండి బరువు సుమారు 350 కిలోలనుకోండి. డ్రైవరు, నలుగురు ప్రయాణికులు కలిపి ఐదుగురు. తలా 60 కిలోలైతే 300. మొత్తం 650 కిలోలు. అంటే 50 కిలోల బియ్యం బస్తాలు 13. ఒక మామూలు రైల్వే వంతెన పైకి చేరాలంటే ఆరేడు మీటర్లు పైకెక్కాలి. అంటే ఆ చిన్న మోటారు 13 బస్తాల బియ్యాన్ని రెండంతస్తులు మోసుకుపోతోందన్నమాట. మనింట్లో గ్యాస్ సిలిండరు రెండంతస్తులు మోసుకొచ్చిన మనిషికి మంచినీళ్లిస్తాం. మోటారుకు ఎవరిస్తారు?

దీన్నే వాట్లలో చూద్దాం. చదును రోడ్డు మీద ఈ 650 కిలోల బండి గంటకు 20 కిలోమీటర్లతో పోవడానికి చక్రాల దగ్గర సుమారు 500 వాట్లు చాలు. అదే బండి 100 మీటర్లకు 5 మీటర్లు లేచే రోడ్డు మీద అదే వేగంతో ఎక్కాలంటే 2,300 వాట్ల దాకా కావాలి. నాలుగు రెట్లకు పైగా. ఆ నిబంధనలు అనుమతించిన పరిమితి కంటే కూడా అది ఎక్కువ. రోడ్డు మీద తిరిగే చాలా బళ్లలో ఉండేది అంతకంటే చిన్న మోటారు. కాబట్టి బండి తనంతట తానే నెమ్మదిస్తుంది. 10 కిలోమీటర్లకు తగ్గితే సుమారు 1,150 వాట్లు సరిపోతాయి. అంటే నలుగురితో ఎక్కే బండి నెమ్మదిగా ఎక్కుతుంది, కానీ ఎక్కుతుంది. ఇప్పుడు వెనక సీట్లో ఒకరిని ఇరికించి, డ్రైవరు పక్కన ఇంకొకరిని కూర్చోబెట్టండి. ఇంకో 120 కిలోలు, రెండున్నర బస్తాలు. రోడ్డు మీద ఓ గుంత, ముందు ఆగిన ఓ తోపుడుబండి, పాతబడిన బ్యాటరీ, వీటిలో ఏ ఒక్కటి తోడైనా బండి మధ్యలో ఆగిపోతుంది.

అసలు ప్రమాదం అప్పుడే మొదలవుతుంది. ఎక్కలేకపోవడం ప్రమాదం కాదు, ఆగిన బండి వెనక్కి జారడం ప్రమాదం. పెట్రోలు బండిని గేరులో వదిలేస్తే ఇంజను కొంత పట్టి ఉంచుతుంది. ఈ-రిక్షాలో సాధారణంగా అలాంటి పట్టు ఉండదు. యాక్సిలరేటరు వదిలితే మోటారు ఖాళీగా తిరుగుతుంది. బ్రేకు ఒక్కటే ఆధారం. నేను చెప్పిన ఆ ఏటవాలు మీద బ్రేకు లేకుండా వదిలితే బండి 5 సెకన్లలో 4 మీటర్లకు పైగా వెనక్కి వస్తుంది. 10 సెకన్లయ్యేసరికి 17 మీటర్లు వచ్చి, గంటకు 12 కిలోమీటర్ల వేగం అందుకుంటుంది. వెనకాల బస్సు ఉందో, స్కూటీ మీద ఎవరైనా ఉన్నారో మనకు తెలియదు. వెనక్కి జారే బండిలో డ్రైవరు కంగారుపడి హ్యాండిల్ ఒక పక్కకు తిప్పితే బండి అడ్డం తిరుగుతుంది. మూడు చక్రాల బండి ఏటవాలుకు అడ్డంగా తిరిగితే పల్లం వైపు ఒరిగి పడవచ్చు.

ఎందుకు ఒరుగుతుందో కూడా చూద్దాం. నాలుగు చక్రాల బండి నాలుగు మూలల మీద నిలబడుతుంది. ముందు ఒకటి, వెనక రెండు చక్రాలున్న బండి త్రికోణం మీద నిలబడుతుంది. ఆ త్రికోణం ముందు వైపు సన్నగా ఉంటుంది. బరువంతా ఆ త్రికోణం లోపల ఉన్నంతసేపే బండి క్షేమం. ఎత్తు ఎక్కేటప్పుడు బరువు వెనక్కి పోతుంది, ముందు చక్రం తేలికవుతుంది. వెనక కమ్మీ మీద ఎవరైనా నిలబడినా, వెనక పెద్ద మూట కట్టినా ముందు చక్రం నేలను సరిగా పట్టదు. పట్టని చక్రాన్ని ఎటు తిప్పినా బండి తిరగదు. మన బండి తోలేవాళ్లు ఎత్తు ఎక్కే ముందు వెనక ఉన్న బరువును ముందుకు సర్దడం ఇందుకే. చదువుకోకపోయినా వాళ్లకు ఆ త్రాసు తెలుసు.

ఇక మనం చేయవలసిన పనులు చెప్తాను. ముందు ప్రయాణికులకు.

మొదటిది, లెక్క. నలుగురు నిండాక ఐదోవారిగా మనం ఎక్కవద్దు, మన పక్కన ఐదోవారిని ఎక్కించుకోనివ్వవద్దు. డ్రైవరు పక్కన కూర్చోవడం అసలే వద్దు. అక్కడ కూర్చున్నవారి మోకాలు, భుజం డ్రైవరు చేతికి అడ్డం పడతాయి. మిట్ట మీద హ్యాండిల్ గట్టిగా పట్టుకోవలసిన క్షణంలో ఆ చేతికి చోటుండదు.

రెండోది, ముందే చెప్పడం. దారిలో వంతెనో, నిటారు మిట్టో ఉందని తెలిస్తే దాని మొదట్లోనే ఆపమని చెప్పండి. "భయ్యా, చఢాయీ పర్ హమ్ ఉతర్ జాయేంగే." ఈ ఒక్క వాక్యం మన తెలుగు హిందీలో చెప్పినా అతనికి బాగానే అర్థమవుతుంది. ఓపికున్న ఇద్దరు దిగి ఫుట్‌పాత్ మీద నడిస్తే 120 కిలోలు తగ్గినట్టే. ముసలివాళ్లు, గర్భిణులు, చంటిబిడ్డ తల్లులు కూర్చోవచ్చు. వాళ్ల కోసమే మిగతావాళ్లు దిగేది. అయితే ఫుట్‌పాత్ లేని వంతెన మీద, వాహనాలు దూసుకుపోయేచోట దిగి నడవడం ఇంకో ప్రమాదం. అలాంటిచోట మొదటే బండి మార్చుకోండి. ఈ-ఆటోలు, బస్సులు ఉన్నాయి. వాటి మోటార్లు వేరు, బ్రేకులు వేరు. ఢిల్లీలో చాలా పెద్ద రోడ్ల మీద ఈ-రిక్షాలకు అనుమతి లేదు. "పైనుంచి పోతే తొందరగా పోతాం కదా" అని ఫ్లైఓవర్ ఎక్కమని మనం బలవంతపెట్టకూడదు.

మూడోది, బండి మధ్యలో ఆగితే. కేకలు వేయవద్దు, అందరూ ఒక్కసారిగా దూకవద్దు. డ్రైవరు బ్రేకు గట్టిగా పట్టుకున్నాడని చూసుకుని, ఎడమవైపు నుంచి ఒక్కొక్కరే దిగండి. దిగినవారు బండి వెనక నిలబడవద్దు. వెనక్కి జారే బండిని చేతులతో ఆపుదామనుకోవడం పొరపాటు. వందల కిలోల బండి ఒకసారి జారడం మొదలుపెడితే ఆపడం చాలా కష్టం. పక్కకు జరిగి, అందుబాటులో ఉంటే ఒక ఇటుకో రాయో వెనక చక్రం కింద ఆనించండి. అది పక్క నుంచి పెట్టాలి, వెనక నుంచి కాదు.

నాలుగోది, బడికి వెళ్లే పిల్లలు. దయచేసి దీన్ని శ్రద్ధగా వినండి. "చిన్నపిల్లలే కదా, పదిమంది ఎక్కినా తేలికే" అని అనుకుంటాం. ఆరో తరగతి పిల్లవాడు 30 కిలోలు, వాడి సంచీ 5 కిలోలు అనుకుందాం. పదిమందికి 350 కిలోలు. నలుగురు పెద్దవాళ్లకు 240. పైగా పెద్దవాళ్లు సీట్లో కూర్చుంటారు. పిల్లలు అంచున కూర్చుంటారు, కమ్మీ పట్టుకుని వేలాడతారు, సంచులు బయటికి వేలాడేస్తారు. త్రికోణం లోపల ఉండవలసిన బరువు బయట ఉంటుంది. మీ కాలనీలో నలుగురైదుగురు తల్లిదండ్రులు కలిసి ఒక బండిని రెండు ట్రిప్పులకు మాట్లాడుకోండి. ఇంటికి కొంత అదనంగా పడుతుంది. ఎంత పడుతుందో ఈ రోజే కూర్చుని లెక్కవేసుకోండి.

ఇప్పుడు నడిపేవారికి. ఇక్కడ ఈ-రిక్షా నడిపేవారెవరూ లేరు కదా అనవద్దు. మన రిటైరైన పెద్దల్లో కొందరు బ్యాటరీ మూడు చక్రాల స్కూటర్లు కొనుక్కుంటున్నారు. నడవడం కష్టమైన మన సహోద్యోగుల్లో కొందరు పక్క చక్రాలు బిగించిన బళ్ల మీద ఆఫీసుకు వస్తున్నారు. వాళ్లకు వంతెన కంటే సెల్లారు ర్యాంపు పెద్ద మిట్ట. పొడవు తక్కువైనా నిటారుగా ఉంటుంది, పైకి రాగానే మలుపు ఉంటుంది.

వారు గుర్తుంచుకోవలసిన పద్ధతి ఇది. మిట్ట మొదలుకాక ముందే కొంచెం వేగం అందుకోండి, కానీ ముందు బండికి, మీకు మధ్య బాగా ఎడం ఉంచండి. ముందు బండి పైకి చేరాక మీరు మొదలుపెడితే మధ్యలో ఆగవలసిన పని ఉండదు. కొన్ని బళ్లలో ఎత్తు ఎక్కడానికి తక్కువ వేగపు గేరు ఇస్తారు. దాన్ని కిందే, బండి ఆగి ఉన్నప్పుడే వేసుకోవాలి. తిన్నగా ఎక్కండి. సైకిల్ మీద వంకరటింకరగా తొక్కితే సులువని చిన్నప్పుడు నేర్చుకున్నాం. మూడు చక్రాల మీద అది పనికిరాదు, ఏటవాలుకు అడ్డం పడితే ఒరుగుతుంది. అదే కారణంతో ర్యాంపు మధ్యలో బండి తిప్పే ప్రయత్నం చేయవద్దు. వెనక బుట్టలో సామాను ఉంటే ముందు కాళ్ల దగ్గర పెట్టుకోండి, ఒళ్లు కాస్త ముందుకు వంచండి. యాక్సిలరేటరు ఒకేసారి మెలితిప్పకుండా నెమ్మదిగా పెంచండి.

మధ్యలో ఆగవలసి వస్తే బ్రేకుతో ఆపండి, యాక్సిలరేటరుతో కాదు. బండి జారకుండా యాక్సిలరేటరు కొంచెం తిప్పి పట్టుకోవడం చాలామందికి అలవాటు. తిరగని మోటారులోకి కరెంటు పోతూ ఉంటే అది వేడెక్కుతుంది, కంట్రోలరు కాలిపోయే ప్రమాదముంది. సరిగ్గా అప్పుడే పట్టు పోతుంది. పార్కింగ్ బ్రేకు వేసి, ఊపిరి పీల్చుకుని, వెనక చూసుకుని మళ్లీ మొదలుపెట్టండి. రెండుసార్లు ప్రయత్నించినా కదలకపోతే ఇంకొకరి సాయంతో తిన్నగా, నెమ్మదిగా వెనక్కి దింపుకోవడమే మంచిది. ఛార్జింగ్ అడుగంటిన బ్యాటరీతో మిట్ట ఎక్కవద్దు. చదును మీద బాగానే పోయే బండి మిట్ట మీద అడిగినంత కరెంటు దొరక్క నీరసిస్తుంది. దిగేటప్పుడు కూడా మొదటి నుంచే బ్రేకు వేస్తూ దిగండి. వేగం అందుకున్నాక వేద్దామంటే చిన్న డ్రమ్ బ్రేకులు ఆ బరువును వెంటనే పట్టలేవు. వానలో నీళ్లు దాటి వచ్చిన బండి బ్రేకు ఒకటి రెండుసార్లు నొక్కి చూసుకున్నాకే పైకెక్కండి.

ఇంత జాగ్రత్త చెబుతుంటే, అసలు బ్యాటరీ బళ్లు కొండలకు పనికిరావేమో అనిపించవచ్చు. అలా కాదు. మన తిరుమల కొండకే 2022 నుంచి ఎలక్ట్రిక్ బస్సులు వెళ్తున్నాయి. నిండా భక్తులతో ఘాట్ రోడ్డు ఎక్కుతున్నాయి. కరెంటుకు కొండంటే భయం లేదు. ఆ కొండకు తగిన మోటారు, ఆ బరువుకు తగిన బ్రేకు, శిక్షణ పొందిన డ్రైవరు, సీట్ల లెక్క, ఇవన్నీ అక్కడ అమర్చారు.

మూడు చక్రాలకు కూడా ఉదాహరణ ఉంది. మహారాష్ట్రలో మాథేరాన్ అనే కొండ ఊరు ఉంది. అక్కడ మోటారు వాహనాలు నిషేధం. గుర్రాలు, మనుషులు చేత్తో లాగే రిక్షాలే అక్కడ ప్రధాన ప్రయాణ సాధనాలుగా ఉండేవి. ఎర్రమట్టి మిట్టల మీద మనిషిని మనిషి లాగాల్సి వచ్చేది. ఆ రిక్షా లాగేవారి వ్యవహారం మన ఢిల్లీలోని సుప్రీంకోర్టు దాకా వచ్చింది. 2022 మేలో కోర్టు అక్కడ ప్రయోగాత్మకంగా ఈ-రిక్షాలకు అనుమతిచ్చింది, ఆ ఏడాది డిసెంబరులో అవి నడవడం మొదలైంది. 2025 ఆగస్టు 6న సుప్రీంకోర్టు చేత్తో లాగే రిక్షాలు మానవ గౌరవానికి విరుద్ధమని చెప్పి, ఆరు నెలల్లో ఆపేయాలని ఆదేశించింది. అక్కడ వాదన బండి గురించి మాత్రమే జరగలేదు. ఎన్ని బళ్లు, ఎవరికివ్వాలి, దారి మీద ఎలాంటి ఇటుకలు పరచాలి, అన్నిటి మీదా జరిగింది. కొండ మీద మూడు చక్రాలు నడవాలంటే ఇన్ని విషయాలు ముందే తేల్చుకోవాలి. మన వీధిలో తేల్చేవారు ఎవరూ లేరు. డ్రైవరు, మనం, అంతే.

అందుకని చివరగా డబ్బు సంగతి మాట్లాడాలి. అది మన వృత్తి కూడా.

మెట్రో గేటు దగ్గర "ఏక్ సవారీ, ఏక్ సవారీ" అని పిలిచే అతను అత్యాశపరుడని అనుకోవద్దు. అతని లెక్క ఇది. తలకు 10 రూపాయల చొప్పున నలుగురికి 40. ఆరుగురైతే 60. బండి అద్దెదైతే సాయంత్రానికి అద్దె కట్టాలి. సొంతదైతే నెలకు కిస్తీ. ముద్ర పథకం 2015 ఏప్రిల్‌లో మొదలైనప్పటి నుంచి ఇలాంటి బళ్లకు కిశోర్ విభాగంలో, అంటే 50 వేల నుంచి 5 లక్షల మధ్య, అప్పు తీసుకునే వీలుంది. కిస్తీ ఏ తేదీన కట్టాలో అతనికి మనకంటే బాగా గుర్తుంటుంది. ఆ అదనపు 20 రూపాయలు అతనికి ఆ పూటే చేతికి వస్తాయి. దానివల్ల అయ్యే ఖర్చు తర్వాతెప్పుడో వస్తుంది. బరువెక్కువై మిట్టలెక్కిన లెడ్ బ్యాటరీలు తొందరగా డీలాపడతాయి. నాలుగు బ్యాటరీలు మార్చాలంటే పదుల వేల రూపాయలు. అతను కిస్తీ తప్పేది చాలాసార్లు ఆ నెలలోనే. శాఖల్లో పనిచేసే మన సహోద్యోగులు అప్పు ఇచ్చేటప్పుడు ఈ మాట అతనితో చెప్పాలని నా మనవి. రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్సు కాగితాలతో పాటు "నువ్వు నడిపే దారిలో ఎత్తులున్నాయా, మోటారు ఎన్ని వాట్లు, పార్కింగ్ బ్రేకు పనిచేస్తుందా" అని కూడా అడగండి. బండి ఒరిగితే పోయేది మన వసూలు మాత్రమే కాదు, ఆ కుటుంబపు అన్నం.

మేనేజ్‌మెంట్ పాఠాల్లో ఒక మాట చెప్తారు. నిర్ణయం ఒకరిది, నష్టం ఇంకొకరిది అయినప్పుడు ఎవరూ జాగ్రత్తపడరు. ఇక్కడ ఐదోవారిని ఎక్కించాలనే నిర్ణయం డ్రైవరుది. బోల్తాపడితే దెబ్బ అందరిదీ. దాన్ని మార్చాలంటే ఉపన్యాసం చాలదు, ఖాళీ సీటుకు ఎవరో ఒకరు డబ్బు కట్టాలి. ఆ ఎవరో మనమే కావచ్చు. మీరు ముగ్గురు ఎక్కి, "నాలుగో సీటు డబ్బు కూడా మేమే ఇస్తాం, ఇంకెవరినీ ఎక్కించకు, పద" అంటే, అదనంగా అయ్యేది 10 రూపాయలు. మిట్ట దగ్గర మీరు దిగి నడిచినా పూర్తి డబ్బు ఇవ్వండి. దిగినందుకు తగ్గించమని బేరం పెడితే, రేపటి నుంచి అతను ఎవరినీ దిగనివ్వడు. జీతాలు తీసుకునే మనకు ఆ 10 రూపాయలు ఒక టీ ఖర్చు. అతనికి అది నియమం పాటించడానికి దొరికిన వెసులుబాటు.

సైకిల్ రిక్షా రోజుల్లో ఆ మనిషి ఆయాసం చూసి దిగేవాళ్లమని చెప్పాను. మోటారు వచ్చాక ఆ మనిషికి శ్రమ తగ్గింది, చాలా మంచిది, తగ్గాల్సిందే. కానీ మోటారుకు చెమట పట్టదు, రొప్పదు. అది అలసిపోయిన సంగతి బండి వెనక్కి జారినప్పుడే తెలుస్తుంది. కంటికి కనబడని ఆ ఆయాసాన్ని మనం లెక్కతో తెలుసుకోవాలి. నలుగురు, 40 కిలోలు. ఈ రెండు అంకెలు ఇంట్లో అందరికీ నోటికి వచ్చేలా చేయండి.

పిల్లలూ, మీకొక పని అప్పగిస్తున్నాను. రేపు బడికి వెళ్లేటప్పుడు మీ దారిలో ఎన్ని మిట్టలున్నాయో, ఏ మిట్ట దగ్గర నడవడానికి చోటుందో ఒక కాగితం మీద గీసి మీ అమ్మకు చూపించండి. పెద్దలు ఆ కాగితం చూసి, ఎక్కడ దిగాలో, ఎక్కడ బండి మార్చుకోవాలో మీతో కలిసి నిర్ణయిస్తారు. ఆ కాగితాన్ని ఫ్రిజ్ మీద అంటించుకోండి.

 క్షేమంగా ఇళ్లకు చేరండి.